ఇరవై అయిదా, ముప్పయ్యా: కెమెరా ఆన్ చేయకముందే తేల్చుకోవాల్సిన లెక్కలు

కెమెరాలో ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని బొమ్మలు తీయాలనే లెక్క) పెట్టే ముందు పని ఇచ్చిన పార్టీకి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: ఈ వీడియో చివరికి ఎక్కడ చూస్తారు? ఊళ్లో కేబుల్ ఛానల్లోనా, శాటిలైట్ ఛానల్లోనా, యూట్యూబ్‌లోనా, పెన్‌డ్రైవ్ పెట్టి ఇంటి టీవీలోనా, లేక సినిమా హాల్లోనా? జవాబు తెలిస్తే సెట్టింగుల్లో ముప్పాతిక వంతు అప్పుడే తేలిపోతుంది. తెలుసుకోకుండా తీసుకొచ్చిన ఫుటేజీని దారికి తెచ్చే పని మాలాంటి వాళ్ల నెత్తిన పడుతుంది.

నేను కావలిలో ఎడిటింగ్ చేస్తాను. ఇటు నెల్లూరు, అటు ఒంగోలు, పడమర ఉదయగిరి దాకా కెమెరా పిలకాయలు హార్డ్ డిస్కులు తెచ్చి ఇస్తుంటారు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, ఎడ్ల పందేలు, రొయ్యల మేత యాడ్లు, అప్పుడప్పుడు ఒక షార్ట్ ఫిల్మ్. అందులో చాలా భాగం 30లో తీసి ఉంటుంది. ఎందుకయ్యా 30 పెట్టావంటే, "కెమెరాలో అదే ఉందక్కా" అంటారు. ఉండొచ్చు. అమెరికా నుంచి బావ తెచ్చిన కెమెరా అయితే తప్పకుండా అదే ఉంటుంది. అది అక్కడి కరెంటుకు తగిన సెట్టింగ్. మన మండపంలో వెలిగేది మన కరెంటు.

కరెంటు దగ్గర మొదలుపెట్టండి

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఏ దేశానికి ఆ దేశం తన కరెంటును బట్టే బొమ్మ వేగాన్ని పెట్టుకుంది. 50 ఉన్నచోట సెకనుకు 25 ఫ్రేములు, 60 ఉన్నచోట 30. మనం పట్టుకున్నది పాల్ పద్ధతి: మొత్తం 625 గీతలు, అందులో కంటికి కనిపించేవి 576, సెకనుకు 25 ఫ్రేములు. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌తో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు వచ్చింది ఈ పాల్ రంగే. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, కనిపించేవి 480, ఫ్రేములు 29.97.

హెచ్‌డీ వచ్చి గీతల లెక్క అంతటా ఒకటే అయింది. 1920×1080 ఇక్కడా అదే, అక్కడా అదే. వేగం మాత్రం ఒకటి కాలేదు. 25, 50 ఒక కుటుంబం. 29.97, 59.94 ఇంకో కుటుంబం. మనతో పాటు కువైట్, దుబాయ్, సింగపూర్, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ మొదటి దాంట్లో ఉన్నాయి. అమెరికా, కెనడా, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ రెండో దాంట్లో. ఈ రెండు కుటుంబాల ఫుటేజీని ఒకే టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్‌లో షాట్లను పేర్చే వరుస) కలిపినప్పుడే తలనొప్పులన్నీ మొదలవుతాయి.

ఛానల్ సంగతి పక్కన పెట్టినా, యూట్యూబ్‌కే అయినా, 25 పెట్టమని చెప్పడానికి నాకు లైట్లు ఒక్కటి చాలు. 50 హెర్ట్జ్ కరెంటు మీద ట్యూబ్‌లైటు, చవక ఎల్ఈడీ లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగును లోపలికి వదిలే సమయం) 1/50 సెకను పెడితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, 1/100 పెడితే సరిగ్గా ఒకటి. అన్ని ఫ్రేములకూ ఒకే వెలుగు అందుతుంది. అదే 30లో పెట్టి షట్టర్ 1/60 అన్నారనుకోండి, ఒక్కో ఫ్రేములో ఒకటిన్నర పైచిలుకు మినుకులు పడతాయి. ఒక ఫ్రేముకు ఎక్కువ వెలుగు, ఇంకో ఫ్రేముకు తక్కువ. తెర మీద నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకుతుంటాయి. పెళ్లికూతురు మొహం మీద ఆ పట్టీ పడితే దాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, ఆ పని జరిగే గంటల లెక్క, పోయే నాణ్యత చూస్తే తీసేటప్పుడే షట్టర్ సరిచూసుకోవడం మేలని ఎవరైనా ఒప్పుకుంటారు.

కాబట్టి ఇంట్లో, మండపంలో, రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద ఫ్రేమ్ రేట్ ఏదైనా సరే, షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉండాలి. 25 ఫ్రేములకు 1/50, 50 ఫ్రేములకు 1/100 పెడితే కదలికలో మసక కూడా సహజంగా కుదురుతుంది. ఏ కారణం చేతనైనా 29.97లో తీయక తప్పకపోతే అప్పుడు కూడా 1/60 జోలికి పోకుండా 1/50 పెట్టండి, 59.94 అయితే 1/100. సీరియల్ లైట్ల సెట్లు, స్టేజీ వెనకాల ఎల్ఈడీ స్క్రీన్ వేరే రకం. వాటికి వాటి సొంత మినుకు ఉంటుంది, మన 50తో పనిలేదు. ముహూర్తానికి ముందే ఒక నిమిషం తీసి, కెమెరా చిన్న తెర మీద కాకుండా ల్యాప్‌టాప్‌లో చూసుకోండి. పట్టీలు కనిపిస్తే క్లియర్ స్కాన్ లాంటి సెట్టింగ్ ఉన్న కెమెరాలో షట్టర్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ పోతే ఒకచోట అవి ఆగిపోతాయి.

మెనూలో ఈ మార్పు ఎక్కడుంటుందంటే, కొన్ని కెమెరాల్లో "పాల్ / ఎన్‌టీఎస్‌సీ" అని, కొన్నింట్లో "వీడియో సిస్టమ్" అని, కొన్నింట్లో "50 హెర్ట్జ్ / 59.94 హెర్ట్జ్" అని ఉంటుంది. ఫ్రేమ్ రేట్ లిస్టులో 25 కనిపించడం లేదంటే కెమెరా ఎన్‌టీఎస్‌సీలో ఉందని అర్థం. ముందు అది మార్చాలి, అప్పుడు 25, 50 ప్రత్యక్షమవుతాయి. మార్చేటప్పుడు కొన్ని కెమెరాలు కార్డును ఫార్మాట్ చేయమని అడుగుతాయి, అందుకని నిన్నటి పెళ్లి కార్డులో ఉండగా ఈ పని పెట్టుకోవద్దు. డ్రోనుకూ ఇదే మాట. కింద కెమెరాలన్నీ 25లో ఉండి డ్రోన్ ఒక్కటీ 30లో ఎగిరితే ఊరేగింపు షాట్ దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గోప్రోలో దీని పేరు యాంటీ ఫ్లికర్, దాన్ని 50కి పెట్టండి.

ఐ అంటే ఏంది, పీ అంటే ఏంది

సంక్రాంతికీ తిరునాళ్లకీ మన పక్క బండలాగుడు పందేలు జరుగుతాయి కదా, పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని. ఫ్రేమ్ రేట్ గురించి ఎవరికైనా చెప్పాలంటే నేను ఆ ఫుటేజీనే తీసి చూపిస్తాను. ఒంగోలు గిత్తల జత బండను ఈడ్చుకుంటూ కెమెరా ముందు నుంచి అడ్డంగా పోతుంటుంది. కెమెరా దాని వెంట తిరుగుతుంది. వెనకాల జనం, జెండాలు, దుమ్ము అన్నీ ఇంకో దిక్కుకు పరుగెత్తుతుంటాయి. దీన్ని 25పీలో తీస్తే జనం టకటకా కొట్టుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. 50పీలో తీస్తే నూనె పోసినట్టు జారిపోతుంది. ఆటలకు, పందేలకు, లైవ్‌కు 50 కావాలనేది ఇందుకే.

పీ అంటే ప్రోగ్రెసివ్, ఫ్రేమ్ మొత్తం ఒకేసారి. ఐ అంటే ఇంటర్‌లేస్డ్, ఒక ఫ్రేమును రెండు ఫీల్డులుగా విడగొట్టి, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు పంపడం. 1080ఐ50లో సెకనుకు 50 ఫీల్డులు వస్తాయి, ఒక్కోదాంట్లో 540 గీతలే ఉంటాయి. పాత రోజుల్లో తక్కువ బ్యాండ్‌విడ్త్‌లో ఎక్కువ కదలిక చూపించడానికి పట్టిన ఉపాయం ఇది. మన డీటీహెచ్‌లో వచ్చే హెచ్‌డీ ఛానళ్లు ఎక్కువగా ఈ 1080ఐ50లోనే వస్తాయి. దీన్నే కొందరు 50ఐ అంటారు. యూరప్ పద్ధతిలో రాసేవాళ్లు 1080ఐ/25 అని రాస్తారు. మూడూ ఒకటే, కాగితంలో 25 కనిపించిందని కంగారు పడి పీ అనుకోవద్దు.

ఇప్పుడు పని విషయానికి వస్తే, పందేన్ని ఐలో తీయవద్దు, ఛానల్ అడిగినా సరే. 1080పీ50లో తీయండి. పగటిపూట ఎండలో మినుకు గొడవ లేదు కాబట్టి షట్టర్ 1/250 దాకా పోవచ్చు, గిట్టలు స్పష్టంగా పడతాయి. రాత్రి ఫ్లడ్‌లైట్లు వేశాక 1/100కి వచ్చేయండి. ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ కూడా 50పీగానే ఉంచి, చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 25 ఫ్రేములు, అప్పర్ ఫీల్డ్ ఫస్ట్ అని పెడితే ఒక్కో 50పీ ఫ్రేము నుంచి ఒక్కో ఫీల్డు తయారవుతుంది. ఛానల్లో కదలిక మొత్తం దక్కుతుంది. టైమ్‌లైన్ 25పీగా పెట్టుకుని పని చేశారో, సగం ఫ్రేములు అక్కడే పోతాయి. తర్వాత ఐలో ఎక్స్‌పోర్ట్ చేసినా పోయినవి తిరిగి రావు. యూట్యూబ్‌కు మాత్రం అదే టైమ్‌లైన్ నుంచి నేరుగా 1080పీ50 ఇచ్చేయండి. ఇంటర్‌లేస్డ్ ఫైలును యూట్యూబ్‌కు ఎక్కిస్తే గిత్తల కాళ్ల చుట్టూ అడ్డగీతలు లేస్తాయి.

ఫీల్డుల వరుస తప్పితే ఎలా ఉంటుందో తెలుసుకోవడం మంచిది. గిత్త ఒక అడుగు ముందుకేసి సగం అడుగు వెనక్కి వేస్తున్నట్టు వణుకుతుంది. కంప్యూటర్ మానిటర్ మీద ఇది చాలాసార్లు కనిపించదు, టీవీ మీదే బయటపడుతుంది. హెచ్‌డీకి పైది ముందు, అంటే అప్పర్ ఫస్ట్. పాత మినీ డీవీ టేపులకు కిందిది ముందు.

పెళ్లికి నా మాట వేరు. జీలకర్ర బెల్లం, మాంగల్యం, తలంబ్రాలు 25పీలో, షట్టర్ 1/50లో తీసినవే నాకు నచ్చుతాయి. సినిమా చూసినట్టుంటుంది. మొత్తం పెళ్లిని 50పీలో తీసుకొస్తే డేటా పెరగడం తప్ప లాభం లేదు, పైగా అది వార్తల క్లిప్పు లాగా కనిపిస్తుంది. తలంబ్రాలు గాల్లో లేచే క్షణం, సంగీత్‌లో గిరగిరా తిరిగే లంగా, ఇలాంటి స్లో మోషన్ ముక్కలకు మాత్రమే 50, వీలైతే 100 వాడండి. 25 టైమ్‌లైన్‌లో 50 సగం వేగానికి, 100 పావు వేగానికి సరిగ్గా సరిపోతాయి. మంత్రాలు చదివే భాగాన్ని మాత్రం స్లో మోషన్ మోడ్‌లో తీయవద్దు, చాలా కెమెరాల్లో ఆ మోడ్‌లో సౌండ్ రికార్డు కాదు. 25పీ తీసిన పెళ్లిని ఛానల్ 1080ఐ50లో కావాలన్నా ఇబ్బంది లేదు. ఒకే ఫ్రేము రెండు ఫీల్డులుగా పోతుంది, తెర మీద అదే సినిమా లుక్ ఉంటుంది.

ఎంత రిజల్యూషన్

దీని గురించి జనం ఎక్కువ కొట్టుకుంటారు గానీ చెప్పాల్సింది తక్కువే. పాత ఎస్‌డీ 720×576. చిన్న హెచ్‌డీ 1280×720. పూర్తి హెచ్‌డీ 1920×1080. టీవీ 4కే అంటే 3840×2160. సినిమా 4కే వేరు, అది 4096×2160. కొన్ని కెమెరాల మెనూలో రెండూ ఉంటాయి. పెద్ద నంబరు ఉంది కదా అని 4096 పెట్టుకుంటే టీవీలో పైనా కిందా సన్నటి నల్ల పట్టీలు వస్తాయి, లేదంటే పక్కలు కోయాల్సి వస్తుంది.

చివరికి ఇచ్చేది 1080 అయినా ప్రధాన కెమెరాను 4కేలో నడపమనే చెబుతాను. 3840 అంటే 1920కి సరిగ్గా రెండింతలు. ఒకే ఒక వైడ్ షాట్‌లోంచి సగం దాకా కత్తిరించి దగ్గరి షాట్ చేసుకోవచ్చు, ఏమీ చెడదు. స్టేజీ ముందు బంధువులు అడ్డం నిలబడి రెండో కెమెరాను మింగేసినప్పుడు ఇదే కాపాడుతుంది. కాకపోతే హార్డ్ డిస్కు లెక్క ముందే వేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే 540 జీబీ. దానికి ఇంకో కాపీ పెట్టుకోవాలి కాబట్టి ఒక్క పెళ్లికే టెరాబైటు దాటుతుంది. ఆ స్థోమత లేకపోతే మొహమాటం లేకుండా 1080లో తీయండి. మంచి లైటింగ్‌లో తీసిన 1080 ముందు చీకట్లో తీసిన 4కే దేనికీ పనికిరాదు.

ఊళ్లో పెళ్లి లైవ్ ఇచ్చేటప్పుడు సిగ్నల్ ఎంతుంటే అంతే. పల్లెల్లో 4జీ రూటర్ మీద అప్‌లోడ్ తక్కువగా ఉంటే 1080 పట్టుకుని వేలాడకుండా 720పీ25కి దిగండి, కీఫ్రేమ్ (పూర్తి బొమ్మను పంపే ఫ్రేము) 2 సెకన్లకు ఒకసారి పెట్టండి. అమెరికాలో కూర్చున్న అత్తకు తాళి కట్టేటప్పుడు బొమ్మ ఆగిపోకుండా ఉండటమే ముఖ్యం.

పెన్‌డ్రైవ్‌కు ఇచ్చేది 1080పీ25, హెచ్.264 (బొమ్మను కుదించే పద్ధతి), ఎంపీ4 ఫైలు, సౌండ్ ఏఏసీ. హెచ్.265లో 10 బిట్ 4కే ఇస్తే పాత టీవీలు చాలావరకు "ఫైల్ సపోర్ట్ కాదు" అంటాయి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అందుకే నేను పెళ్లిని భాగాలుగా కోసి ఇస్తాను.

ఫోన్ల గొడవ

పార్టీ వాళ్లు "మా మేనల్లుడు ఫోన్లో బాగా తీశాడు, అది కూడా కలపండి" అంటారు. కాదనలేం. ఫోన్లతో వచ్చే చిక్కులు రెండు. ఒకటి, మామూలుగా అవి 30లో ఉంటాయి. రెండోది దానికంటే పెద్దది, ఆ 30 నిలకడగా ఉండదు. వెలుగు తగ్గితే 24కి జారుతుంది, మళ్లీ పెరుగుతుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఎడిటింగ్‌లో వేసుకుంటే మొదట్లో పెదవులకూ మాటకూ కుదిరినట్టే ఉంటుంది, నిమిషాలు గడిచేకొద్దీ మాట వెనకబడుతుంది.

ఫోను ఫైలు చేతికి రాగానే మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో తెరవండి. ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉంటే హ్యాండ్‌బ్రేక్‌లో, అదీ ఉచితమే, కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకోండి. అప్పుడు టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి. మార్చేటప్పుడు 30ని 30గానే స్థిరం చేయండి, 25 అని పెట్టవద్దు, ఆ పని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి.

30ని 25లో కూర్చోబెట్టాలంటే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి తీసేయాలి. అంటే సెకనుకు ఐదు చోట్ల చిన్న కుదుపు. మనుషులు కూర్చుని మాట్లాడే షాట్‌లో తెలియదు, కెమెరా అడ్డంగా తిరిగితే తెలుస్తుంది. ఆప్టికల్ ఫ్లో (మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేరే ఊహించి తయారు చేయడం) పెడితే కొంత నునుపవుతుంది గానీ వేళ్లు, గాజులు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. నేను చేసేది ఏంటంటే, సౌండ్ అక్కర్లేని ఫోన్ షాట్లను 25గా ఇంటర్‌ప్రెట్ చేస్తాను, అంటే ఆ ఫ్రేములనే సెకనుకు 25 చొప్పున ఆడిస్తాను. అన్ని ఫ్రేములూ ఉంటాయి, వేగం 83 శాతానికి తగ్గుతుంది, పెళ్లి వీడియోలో ఆ మాత్రం నెమ్మది అందంగానే ఉంటుంది. 60లో తీసింది అయితే ఇంకా మంచిది, 25లో చక్కటి స్లో మోషన్ అవుతుంది.

ముందే చెప్పే అవకాశం ఉంటే ఫోన్‌ను కూడా 25కి మార్పించండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి పోతే "షో పాల్ ఫార్మాట్స్" అని ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే 25 వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలు కెమెరా యాప్‌లో చాలావాటికి 25 ఉండదు, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ లాంటిది వేసుకోవాలి.

సినిమా హాలుకు ఇచ్చేటప్పుడు

షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లు 24 కావాలంటారు. హాల్లో వేయడానికైతే సరే. డీసీపీకి (హాలు ప్రొజెక్టరుకు ఇచ్చే డిజిటల్ సినిమా ప్యాకేజీ) 24 ఇస్తే ఏ హాల్లోనైనా ఆడుతుంది. ఫ్రేమ్ కొలతలు 2కేలో ఫ్లాట్‌కు (మామూలు వెడల్పు బొమ్మ) 1998×1080, స్కోప్‌కు (ఇంకా వెడల్పు బొమ్మ) 2048×858. ఇక్కడ 23.976 వేరు, 24 వేరు. కెమెరాలో "24పీ" అని రాసి ఉన్నా చాలావాటిలో లోపల ఉండేది 23.976, అది అమెరికా టీవీ కోసం సవరించిన 24. నిజమైన 24 విడిగా ఉంటే అది ఎంచుకోండి. రెండింట్లోనూ షట్టర్ 1/50.

అదే ఫిల్మ్ తర్వాత ఛానల్‌కు ఇవ్వాలంటే 25 చేయాలి. ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, 24 ఫ్రేములనూ 25 వేగంతో నడిపించేయడం. నాలుగు శాతం పైచిలుకు వేగం పెరుగుతుంది, గంట సినిమా 57 నిమిషాల 36 సెకన్లకు వస్తుంది. కంటికి తెలియదు. గొంతు మాత్రం కొంచెం సన్నబడుతుంది, పిచ్ సరిచేసి పంపాలి. హాల్లో వేసే ఆలోచన నిజంగా లేకుండా, యూట్యూబ్‌కు మాత్రమే తీస్తూ, ట్యూబ్‌లైట్ల కింద తీస్తూ, "సినిమా లుక్" కోసం 24 కావాలంటే నేను ఒప్పుకోను. 24కీ 25కీ తేడా చూసి చెప్పగలిగిన కన్ను నాకు ఇంకా తగల్లేదు.

పాత టేపులు

అమ్మానాన్నల పెళ్లి వీహెచ్‌ఎస్ తెచ్చి 4కే చేయమంటారు. టేపులో ఉన్నదే 576 గీతలు, వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా వివరం ఇంకా తక్కువ. 4కే చేస్తే మసకే పెద్దదవుతుంది. చేయాల్సింది ఏంటంటే, 720×576, 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్‌గా ఉన్నదాన్ని ఉన్నట్టు క్యాప్చర్ చేయడం. ఆ తర్వాత డీఇంటర్‌లేస్ చేసేటప్పుడు, అంటే ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చేటప్పుడు, 25 కాకుండా 50పీ వచ్చేలా, అంటే బాబ్ పద్ధతిలో చేయడం. హ్యాండ్‌బ్రేక్‌లోనే అది ఉంది. అప్పటి కదలిక అప్పటిలాగే వస్తుంది.

టేపు పిక్సెళ్లు చదరంగా ఉండవు, బొమ్మ 4:3. కాబట్టి యూట్యూబ్‌కు 1440×1080గా చేసి పక్కల నల్లగా వదిలేయండి. టీవీ నిండా సాగదీసి తాతను లావు చేసిన వీడియోలు ఊళ్లో చాలా తిరుగుతున్నాయి.

ఛానల్‌కు యాడ్ పంపేటప్పుడు

ముందు వాళ్ల టెక్నికల్ షీట్ అడగండి. లేదంటే "మామూలే పంపండి" అంటారు, మామూలంటే ఏంటో మళ్లీ అడగండి. శాటిలైట్ ఛానళ్లు తరచుగా అడిగేది 1080ఐ50, అప్పర్ ఫస్ట్, ఎక్స్‌డీక్యామ్ హెచ్‌డీ 422 (ఛానళ్లు వాడే వీడియో ఫార్మాట్), సెకనుకు 50 మెగాబిట్లు, ఎంఎక్స్‌ఎఫ్ ఫైలు. సౌండ్ 48 కిలోహెర్ట్జ్. పాటల సీడీల నుంచి తీసుకున్నది 44.1 ఉంటుంది, ముందే మార్చుకోండి. సౌండ్ ఎత్తుకు యూరప్ లెక్క మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), అమెరికా లెక్క మైనస్ 24. షీట్‌లో ఏది ఉంటే అది.

నిడివిని ఫ్రేముల్లో చూడండి. 25లో 20 సెకన్ల యాడ్ అంటే 500 ఫ్రేములు. చివర్లో ఒక నల్ల ఫ్రేము ఎక్కువైందని ఒక ఛానల్ మేత కంపెనీ యాడ్‌ను తిప్పి పంపింది, పండగ ముందు రోజు. రంగుల లెవెల్స్ (0 నుంచి 255 దాకా ఉండే లెక్కలో) 16 నుంచి 235 మధ్య ఉండాలి, దాటితే తెల్ల చొక్కాలు కాలిపోయినట్టుంటాయి. అక్షరాలను ఫ్రేములో 90 శాతం లోపలే ఉంచండి. మన ఛానళ్లలో దీనికి తోడు కింద స్క్రోలింగ్, మూలన లోగో ఉంటాయి. డీలర్ ఫోన్ నంబరును అడుగున పెడితే స్క్రోలింగ్ దాన్ని కప్పేస్తుంది. డబ్బులిచ్చినాయన ముందు చూసేది ఆ నంబరునే.

కేబుల్ ఛానల్ వాళ్లకు ఇంత పట్టింపు ఉండదు, వాళ్ల ప్లేఅవుట్ కంప్యూటర్‌లో ఆడితే చాలు. అయినా వాళ్ల పాత మిషన్ ఎస్‌డీ అయితే 1080 ఇచ్చి వదిలేయకుండా, మీరే 720×576, 16:9 గుర్తుతో చేసి ఇవ్వండి. వాళ్లు చేస్తే మనుషులు సన్నబడతారు.

అమెరికా వాళ్లకు

డల్లాస్‌లో ఉన్న కొడుకు "29.97లో పంపండి" అని రాస్తే ముందు అతను ఎక్కడ చూస్తాడో కనుక్కోండి. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, యూట్యూబ్‌లో అయితే 25 ఫైలు అక్కడ కూడా చక్కగా ఆడుతుంది. మార్చితే చెడిపోవడమే తప్ప బాగుపడేది లేదు. యూట్యూబ్ కూడా తీసిన ఫ్రేమ్ రేట్‌లోనే ఎక్కించమంటుంది. నిజంగా అక్కడి టీవీ ఛానల్‌కో, అక్కడి డీవీడీ ప్లేయర్‌కో అయితే మార్చక తప్పదు.

29.97 అనే ఆ వింత నంబరు ఎక్కడిదంటే, 1953లో అమెరికా రంగుల టీవీ పద్ధతిని ఖాయం చేసుకున్నప్పుడు రంగు సిగ్నలూ సౌండ్ సిగ్నలూ ఒకదానితో ఒకటి కలిసి తెర మీద చుక్కలు లేపకుండా 30ని వెయ్యిలో ఒక వంతు తగ్గించారు. 30000ను 1001తో భాగిస్తే వచ్చేది 29.97. ఆ వెయ్యో వంతు గంటకు 3.6 సెకన్ల తేడాగా పేరుకుంటుంది. అందుకే అక్కడ డ్రాప్ ఫ్రేమ్ టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను లెక్కలో ఒక్కో ఫ్రేముకు ఇచ్చే నంబరు) ఉంది. ప్రతి నిమిషం మొదట్లో రెండు నంబర్లు వదిలేస్తారు, పదేసి నిమిషాలకు ఒకసారి మాత్రం వదలరు, గంటకు మొత్తం 108 నంబర్లు. పోయేవి నంబర్లే, బొమ్మలు కావు. అక్కడి ఛానల్ అరగంట ప్రోగ్రాం అడిగితే డ్రాప్ ఫ్రేమ్ లెక్కలో కొలవండి.

అంతా ముందే తెలిసి అమెరికా ఛానల్ కోసమే తీసేదైతే 59.94పీలో, షట్టర్ 1/100లో తీయండి. పగలు బయట తీసేది అయితే షట్టర్ మీ ఇష్టం. తీసింది 25లో అయి, ఆలస్యంగా తెలిస్తే, ముందు 25 మాస్టర్ పూర్తిగా ఎడిట్ చేసి పక్కన పెట్టండి. దాని నుంచి 29.97 కాపీ తయారు చేయండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్‌ను క్లిప్ వేశాక మార్చనివ్వదు, కాబట్టి కొత్త ప్రాజెక్టు తెరిచి, ముందు 29.97 పెట్టుకుని, అప్పుడు మాస్టర్ ఫైలును లోపలికి తెచ్చుకోండి. రెండు ఫైళ్ల పేర్లలోనూ ఊరు, తేదీతో పాటు కొలత, ఐయో పీయో, ఫ్రేమ్ రేట్ రాసి పెట్టండి.